బలమైన ఇంజనుకు ఏ క్లచ్ వేయాలి: మూడుసార్లు గేర్‌బాక్స్ దించాక కుదిరిన లెక్క

మా నాన్న ముప్పై ఏళ్లు సాలూరు నుంచి రాయపూర్ లైను లారీ నడిపారు. ఘాట్ దిగి ఊళ్లోకి వచ్చి బండి ఆపగానే ముందు వంగి, క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ దగ్గర వాసన చూసేవారు. కాలిన వాసన లేదని తేలితేనే ఇంటికి భోజనానికి వచ్చేవారు. నేను పదో తరగతి అయ్యాక మా ఊళ్లోనే ఒక షెడ్డులో క్లచ్ ప్లేట్లకు లైనింగ్ (పట్టు ఇచ్చే పొర) రివిట్లు కొట్టే పనిలో చేరాను. ఇప్పుడు విజయనగరం రింగు రోడ్డు దగ్గర సొంత షెడ్డు ఉంది. లారీలు, ట్రాక్టర్లు, ట్యాక్సీలు కలిపి ఎన్ని క్లచ్‌లు దించి ఎక్కించానో లెక్క పెట్టలేదు. అయినా మా అక్క కొడుకు కట్టించుకున్న కారుకి మూడోసారికి గానీ సరైన క్లచ్ కుదరలేదు. అలాంటి బండి కట్టుకునేవాళ్లకు ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. పాత రియర్ వీల్ డ్రైవ్ కారు ఫ్లోరు ఉంచుకుని, పైన రెండు సీట్ల అల్యూమినియం బాడీ కట్టాం. బాడీ పని సాలూరులో లారీ బాడీలు కట్టే మేస్త్రీలదే. రేకు వంచడంలో వాళ్ల చెయ్యి తిరిగిన చెయ్యి. ఇంజను రెండు లీటర్ల టర్బో పెట్రోల్. మొత్తం బరువు 980 కిలోలు. ఇంజను గానీ బాడీ గానీ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది కాబట్టి, ముందుగా రవాణా శాఖను అడిగి, అనుమతి వచ్చాకే రోడ్డెక్కించండి. ఆ కాగితం లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మాట చెల్లదు.

మొదటిసారి ఇంజనుతో పాటు వచ్చిన క్లచ్‌నే ఉంచేశాం. బూస్టు, అంటే టర్బో గాలి ఒత్తిడి, పెంచాక నాతవలస వైపు హైవే మీద మా వాడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాడు. ఆర్‌పీఎం ముల్లు 3000 నుంచి ఒక్కసారిగా 4500కి లేచింది, స్పీడు మాత్రం ఉన్నచోటే ఉంది. "మావయ్యా, ఇంజను అరుస్తంది గానీ బండి ఎల్లట్లేదు" అన్నాడు. క్లచ్ జారుతోందా అని తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు. పై గేరు, తక్కువ ఆర్‌పీఎం, ఖాళీ రోడ్డు, యాక్సిలరేటర్ పూర్తిగా. ముల్లూ స్పీడూ కలిసి పెరగాలి. ముల్లు ఒక్కటే పరిగెత్తితే వెంటనే కాలు తీసేయండి. రెండోసారి చూద్దాం అనుకుంటే ఆ రెండోసారికే ప్లేటు కాలిపోతుంది.

షెడ్డులో గేర్‌బాక్స్ దించి చూస్తే ప్లేటు అంచులు నల్లగా అద్దంలా మెరుస్తున్నాయి. వేలితో రాస్తే జారుతోంది, గరుకు అన్నదే లేదు. ఇంజనుతో తిరిగే చక్రం ఫ్లైవీల్, దానికి ప్లేటు ఆనుకునే ముఖం మీద రూపాయి బిళ్లంత నీలం మచ్చలు ఏడో ఎనిమిదో. బెల్లం పాకం మాడినట్టు, కాగితం కాలినట్టు రెండూ కలిసిన వాసన. నాన్న వంగి చూసే వాసన ఇదే.

లెక్క మీరే వేసుకోండి

క్లచ్ కొనే ముందు అడగాల్సింది హార్స్‌పవర్ కాదు, టార్క్, అంటే ఇంజను తిప్పే బలం. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 150 కిలోవాట్ల పవరు ఒక ఇంజను 7000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తే అక్కడ దాని టార్క్ 205 న్యూటన్ మీటర్లే. అదే పవరు ఇంకో ఇంజను 3500 దగ్గర ఇస్తే 409. క్లచ్‌కి రెండో ఇంజను రెట్టింపు బరువు. కింది ఆర్‌పీఎంలోనే లాగే టర్బో ఇంజన్లు, డీజిళ్లు క్లచ్‌లను తినేది ఇందుకే.

మా బండి, బలం కొలిచే డైనో యంత్రం మీద, చక్రాల దగ్గర 380 న్యూటన్ మీటర్లు చూపించింది. గేర్‌బాక్సులో, వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో పోయేది 15 శాతం అనుకుని 380ని 0.85తో భాగించాను. దాదాపు 450 వచ్చింది. క్లచ్ ఉండేది ఇంజను పక్కన కాబట్టి లెక్కకు ఈ 450 తీసుకోవాలి, చక్రాల దగ్గర అంకె కాదు. దాని మీద పాతిక శాతం కలిపాను, 560 అయింది. వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుంది, లైనింగ్ అరిగినప్పుడు నొక్కుడు మారుతుంది. ఆ పాతిక శాతం వాటి కోసం. అలాగని రెట్టింపు పట్టు ఉన్నది వేయకండి. గేర్‌బాక్సుకీ, యాక్సిల్‌కీ క్లచ్ ఒక ఫ్యూజు లాంటిది. ఎక్కడో ఒకచోట కొంచెం జారాలి. అసలు జారని క్లచ్ వేస్తే ఆ దెబ్బ వెళ్లి గేరు పళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు క్లచ్ ఎంత మోస్తుందో చూడాలి. నాలుగు అంకెలు గుణిస్తే చాలు: రాపిడి ముఖాలు ఎన్ని, ఘర్షణ గుణకం ఎంత, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు నొక్కుడు ఎన్ని న్యూటన్లు, లైనింగ్ సగటు వ్యాసార్థం ఎన్ని మీటర్లు. ఒక ప్లేటుకు రెండు ముఖాలు, రెండు ప్లేట్లకు నాలుగు. మామూలు ఆర్గానిక్ లైనింగ్‌కు ఘర్షణ గుణకం 0.3 దగ్గర పెట్టుకోండి, సిరామిక్ ముక్కలకు 0.4 దగ్గర. సగటు వ్యాసార్థానికి లైనింగ్ బయటి వ్యాసం, లోపలి వ్యాసం కలిపి నాలుగుతో భాగించాలి.

మా మొదటి ప్లేటు బయట 228 మిల్లీమీటర్లు, లోపల 150. సగటు 94.5. నొక్కుడు 5500 న్యూటన్లు. 2 × 0.3 × 5500 × 0.0945 అంటే 312. ఇంజను ఇచ్చేది 450. జారక ఏం చేస్తుంది? ఈ లెక్క ముందే వేసుంటే ఆ ప్లేటు కాలిపోయేదే కాదు.

కేటలాగులో అంకెల దగ్గర కళ్లు పెట్టుకుని చూడండి. అమెరికా సరుకుకు పౌండ్ అడుగుల్లో రాస్తారు. దాన్ని 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు. కొన్నిటికి కిలోగ్రామ్ మీటర్లలో ఉంటుంది, దాన్ని 9.81తో గుణించాలి. ఇక "స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3" అనే మాటలకు అందరికీ ఒకే కొలత అంటూ లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2, ఇంకో కంపెనీ స్టేజ్ 3 కంటే గట్టిగా ఉండొచ్చు. ప్లేటు సైజు, నొక్కుడు, లైనింగ్ రకం ఈ మూడూ చెప్పలేని అమ్మకందారు దగ్గర నేను కొనను.

పట్టు ఉంటే చాలదు

రెండోసారి ఒక పెద్ద సిటీలో విడిభాగాల షాపుకి వెళ్లాం. స్టేజ్ 3 వేసేయండి, ఇక చూసుకోనక్కర్లేదు అన్నారు. ఆరు సిరామిక్ ముక్కలున్న ప్లేటు, మధ్యలో కుదుపు మింగే డాంపర్ స్ప్రింగులు లేని గట్టి హబ్, 7800 న్యూటన్ల ప్రెజర్ ప్లేటు. లెక్క వేస్తే 605 న్యూటన్ మీటర్లు. కాగితం మీద మాకు కావలసినదానికంటే ఎక్కువే. నేనూ సరేనన్నాను.

అది బిగించిన వారానికి పైడితల్లి అమ్మవారి పండగ వచ్చింది. తొలేళ్ల రోజు, అంటే అసలు ఉత్సవానికి ముందు రోజు సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి మూడు లాంతర్ల వైపు బయల్దేరాం. ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆ జనంలో బండి అడుగు ముందుకు, ఆగు, మళ్లీ అడుగు. పెడల్ వదిలిన ప్రతిసారీ బండి గెంతుతోంది, లేదా ఆగిపోతోంది. ఆటోల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. "ఏటి మావయ్యా, కప్పలాగ గెంతుతంది" అన్నాడు మా వాడు. అరగంటకి వాడి ఎడమ తొడ వణకడం మొదలైంది. నాకు గుబులు పట్టుకుంది. ముందు చిన్నపిల్లలు నడుస్తున్నారు, ఈ బండి ఒక్క గెంతు ఎక్కువ గెంతితే? పక్క సందులో బండి ఆపేసి నడిచి ఇంటికి వచ్చాం. రాత్రి పదకొండు దాటాక వెళ్లి తెచ్చుకున్నాం.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మామూలు ప్లేటులో రెండు లైనింగుల మధ్య అలల్లా వంపు తిరిగిన పల్చటి స్టీలు రేకు ఉంటుంది. పెడల్ వదులుతుంటే ఆ రేకు మెల్లగా అణుగుతుంది, పట్టు కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. మనం హాఫ్ క్లచ్ అనే జాగా అంతా దాని దయే. మా సిరామిక్ ప్లేటులో ఆ రేకు లేదు. పైగా సిరామిక్ పట్టు ఒక్కసారిగా పడుతుంది. హబ్‌లో డాంపర్ స్ప్రింగులు కూడా లేవు కాబట్టి ఇంజను కుదుపులన్నీ నేరుగా గేర్‌బాక్సులోకి వెళ్లాయి. నిదానంగా పోతుంటే గేరు పళ్లు గలగలమనేవి.

పెడల్ బరువు సంగతి వేరే చెప్పాలి. గట్టి ప్రెజర్ ప్లేటును విడదీయడానికి, పెడల్ తొక్కితే కదిలే రిలీజ్ బేరింగ్ ఎంత బలంగా తోస్తే అంత బలమూ క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకి నెడుతుంది. దాన్ని మోసేది థ్రస్ట్ వాషర్లు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడే అలవాటుంటే ఆ వాషర్లు తొందరగా అరుగుతాయి. అందుకే గట్టి క్లచ్ వేసే ముందు డయల్ గేజ్ పెట్టి క్రాంక్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతోందో కొలిచి గోడ మీద రాసుకోండి. తర్వాత సర్వీసులో మళ్లీ కొలిచి పోల్చుకోండి.

సిరామిక్ పనికిరాదని నా మాట కాదు. ఎక్కువగా ట్రాక్ మీదే తిప్పే బండి అయితే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకి ట్రాలీ మీద తీసుకెళ్లి నడిపి తెచ్చుకునేదైతే, సిరామిక్ మంచిదే. వేడికి తట్టుకుంటుంది. కెవ్లార్ లైనింగ్ మెత్తగా పడుతుంది, చాలాకాలం వస్తుంది. కానీ కుదురుకోవడానికి ఓపిక కావాలి, ఒకసారి బాగా వేడెక్కి మెరుపు తేలితే మళ్లీ పట్టు రావడం కష్టం. మన ఊళ్లో, మన ట్రాఫిక్‌లో, వారానికోసారైనా అరకు ఘాట్ ఎక్కే బండికి మాత్రం ఆర్గానిక్ లైనింగే నా ఓటు. దానితో పట్టు చాలకపోతే ప్లేట్ల సంఖ్య పెంచాలి గానీ లైనింగ్ మార్చకూడదు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

బండి కదిలేటప్పుడు ఇంజను తిరుగుతుంది, గేర్‌బాక్స్ ఆగి ఉంటుంది. రెండూ కలిసేదాకా ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. చదును రోడ్డు మీద, ఇంజను ఒకే ఆర్‌పీఎంలో ఉంచి వదిలితే, రెండూ కలిసే క్షణానికి బండికి ఎంత గతిశక్తి వస్తుందో దాదాపు అంతే వేడి క్లచ్‌లో పుడుతుంది. అంటే వేడిని నిర్ణయించేది బండి బరువూ, ఆ కలిసే స్పీడూ. ఆ స్పీడును నిర్ణయించేది మొదటి గేరూ, డిఫరెన్షియల్ రేషియో.

మా బండికి మొదట్లో డిఫరెన్షియల్ 3.1 ఉండేది. మొదటి గేరు 3.6. ఇంజను 3000 దగ్గర ఉంటే క్లచ్ పూర్తిగా కలిసేసరికి స్పీడు గంటకు 31 కిలోమీటర్లు. మనిషితో, పెట్రోలుతో కలిపి 1080 కిలోల బండికి అక్కడ వేడి 41 కిలోజౌల్స్. డిఫరెన్షియల్ 3.9 వేశాక అదే 3000 దగ్గర కలిసే స్పీడు 25, వేడి 26 కిలోజౌల్స్. క్లచ్ ముట్టుకోకుండానే వేడి మూడోవంతుకు పైగా తగ్గింది. తలో బండి నుంచి గేర్‌బాక్సూ, డిఫరెన్షియలూ తెచ్చి కలిపినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఘాట్ మీద ఎత్తులో ఆపి కదిలిస్తే ఈ అంకెలకు ఇంకా కొంత కలుస్తుంది.

ఆ వేడి ఫ్లైవీల్‌కీ, ప్రెజర్ ప్లేటుకీ పోతుంది. ప్రెజర్ ప్లేటు సాధారణంగా తేలిక కాబట్టి అదే ముందు కాగుతుంది. పికప్ కోసం ఫ్లైవీల్‌ను లేత్ మీద బాగా కోసి పల్చగా చేస్తే వేడి దాచుకునే ఇనుము కూడా తగ్గుతుంది. ఇంకో ప్రమాదం ఉంది. మామూలు ఫ్లైవీళ్లు పోత ఇనుమువి. వాటిని ఇష్టం వచ్చినట్టు కోసి 7000 ఆర్‌పీఎం తిప్పితే పగలొచ్చు. పగిలిన ముక్క బెల్ హౌసింగ్ చీల్చుకుని వచ్చేది డ్రైవరు కాళ్ల మీదకే. తేలిక ఫ్లైవీల్ కావాలంటే ఫోర్జ్ చేసిన స్టీలుది, రేసు విడిభాగాల భద్రతా ముద్ర ఎస్‌ఎఫ్‌ఐ 1.1 ఉన్నది కొనండి. ఈ ఒక్కచోట డబ్బు మిగుల్చుకోవద్దని చేతులెత్తి చెబుతున్నాను.

మూడోసారి

రెండు ప్లేట్ల ఆర్గానిక్ క్లచ్ తెప్పించాం. ప్లేటు బయట 200 మిల్లీమీటర్లు, లోపల 134, సగటు 83.5. నొక్కుడు 5800. 4 × 0.3 × 5800 × 0.0835 అంటే 581. కావలసింది 560. సరిగ్గా అతికింది. నొక్కుడు 7800 నుంచి 5800కి దిగడంతో పెడల్ కూడా తేలికైంది. ఖర్చు మాత్రం ఒక ప్లేటు సెట్టుకు రెండింతలు దాటింది. పెడల్ తొక్కి ఉంచినప్పుడు మధ్య ప్లేటు సన్నగా గలగలమంటుంది. అది జబ్బు కాదు, దాని స్వభావమే.

ఆర్డరు పెట్టే ముందు క్లచ్ ప్లేటు ఎక్కే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీది పళ్లు, అంటే స్ప్లైన్లు, లెక్కపెట్టండి. ఒక పంటి మీద సుద్దముక్కతో గీత గీసి మొదలుపెడితే తప్పు పోదు. తర్వాత వర్నియర్‌తో బయటి వ్యాసం కొలవండి. రెండు అంకెలూ కలవాలి, ఒకటి కలిస్తే చాలదు. ఫ్లైవీల్ బోల్టు రంధ్రాల వలయం, డోవెల్ పిన్నులు కూడా ఫోటోతో సహా అమ్మేవాడికి పంపించండి. మీ ఇంజనుకు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉండి, దాన్ని తీసి మామూలుది వేస్తుంటే, ప్లేటులో డాంపర్ స్ప్రింగులు తప్పనిసరి. కుదుపు మింగే స్ప్రింగులు ఇదివరకు ఫ్లైవీల్‌లో ఉండేవి, అవి ఇప్పుడు ప్లేటులోకి రావాలి.

మేము తడబడింది హైడ్రాలిక్స్ దగ్గర. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఎంత ఆయిల్ తోస్తే, దానికి తగ్గట్టే క్లచ్ దగ్గరి స్లేవ్ సిలిండర్ కదులుతుంది. ముప్పావు అంగుళం మాస్టర్ పిస్టన్ వైశాల్యం 285 చదరపు మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్లు కదిలితే 7125 ఘనపు మిల్లీమీటర్ల ఆయిల్. మా స్లేవ్ బోరు 22.2, వైశాల్యం 387. భాగిస్తే స్లేవ్ కదిలేది 18.4 మిల్లీమీటర్లు. అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల (5/8) మాస్టర్ వేస్తే పెడల్ ఇంకా తేలిక అవుతుంది గానీ స్లేవ్ 13 కూడా కదలదు. రెండు ప్లేట్లూ పూర్తిగా విడవాలంటే ఆ కదలిక చాలదు, రివర్స్ గేరు గరగరమంటుంది. అలాగని ఎక్కువ కదిలినా చేటే. ప్రెజర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు హద్దు దాటి లోపలికి పోయి విరుగుతాయి. ముప్పావు అంగుళందే ఉంచి, పెడల్ కింద ఒక బోల్టు వెల్డింగ్ చేసి అడ్డు పెట్టాం. బండి స్టాండ్ల మీద ఎత్తి, గేరు వేసి, ఒకరు ఒక వెనక చక్రం కదలకుండా పట్టుకుని, ఇంకొకరు రెండోది చేత్తో తిప్పుతుండగా పెడల్ మెల్లగా తొక్కాలి. చక్రం వదులైన చోటు నుంచి ఇంకో పది పన్నెండు మిల్లీమీటర్లు ఇచ్చి అక్కడ బోల్టు నిలపాలి.

బిగించేటప్పుడు చిన్న పనులే పెద్దవి. గేర్‌బాక్స్ దించినప్పుడే వెనక ఆయిల్ సీలు, పైలట్ బేరింగ్ మార్చేయండి. కొత్త లైనింగ్ మీద ఒక్క చుక్క ఆయిల్ పడినా ఆ ప్లేటు పోయినట్టే. ఫ్లైవీల్ ముఖం గ్రైండింగ్ చేయించి, బోల్టులు కొత్తవి వేయండి. పాత దుమ్మును ఎయిర్ పైపుతో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. ప్లేటును మధ్యకు నిలపడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క కంటే మంచి పనిముట్టు లేదు. ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, తలా ఒక చుట్టు చొప్పున బిగించాలి. ఒకవైపు ముందే లాగేస్తే కవరు వంగుతుంది, ఆ తర్వాత ఎంత మంచి క్లచ్ అయినా వణుకుతూనే పడుతుంది. స్ప్లైన్ల మీద గ్రీజు పల్చగా, తుడిచేసినంత పల్చగా.

కొత్త ఆర్గానిక్ ప్లేటు కుదురుకోవడానికి 800 కిలోమీటర్లు ఇవ్వండి. హైవే కిలోమీటర్లు ఇందులోకి రావు, ఆగి కదిలే ఊరి కిలోమీటర్లే లెక్క. మా వాడు నెలా పది రోజులు రోజూ కోట జంక్షన్ మీదుగా ఆఫీసుకి ఇదే బండి వేసుకెళ్లాడు, బూస్టు తగ్గించి, యాక్సిలరేటర్ సగం దాటకుండా. ఆ తర్వాత శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించాం. మలుపు దగ్గర ఎత్తులో ఆపించి మూడుసార్లు కదిలించమన్నాను. మూడుసార్లూ మెత్తగా కదిలింది. పైన కాఫీ తోటల దగ్గర బండి ఆపాక నేను దిగి, వంగి బెల్ హౌసింగ్ దగ్గర వాసన చూశాను. వేడి ఇనుము వాసన తప్ప ఇంకేమీ లేదు.